నలభై అడుగులు

సస్కాచెవాన్‌లో జనవరి.
మైళ్ళకొద్దీ తెలుపు. మంచుబండి గీకి వెళ్ళిన
గ్రావెల్ రోడ్డొక్కటే నేలలా కనిపిస్తుంది.

ఆ కాస్త నేల మీదే వాలతాయి మంచుపిట్టలు.
స్కూలు బస్సు తోలుకుంటూ నేనొస్తాను,
ఇరవై రెండేళ్ళుగా ఇదే దారి.

"చచ్చిపోతాయి కదా, ఎందుకు లేవవు?"
ముందు సీట్లోంచి దరుస్యా.
దానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి.
పిట్టలకి అసలే లేవన్నాను.
గోధుమగింజ నలగాలంటే కందనకాయలో రాళ్ళుండాలి.
రాళ్ళన్నీ మంచు కిందున్నాయి,
ఒక్క ఇక్కడ తప్ప.

"సరే, ఏరుకుని లేవచ్చుగా?"

నక్క ఇంత దూరం వస్తే లేవాలని
వాటికో లెక్కుంది.
నలభై అడుగులు.
తాతలనాటి లెక్క, నక్క దగ్గర ఎప్పుడూ తప్పలేదు.
దూరం కొలవడం వచ్చు వాటికి,
వేగం కొలవడం ఎవరూ నేర్పలేదు.
అవి నలభై అనుకునేసరికి
నా ముందు నలభై మిగలవు.

ఇది దరుస్యాకి చెప్పలేదు.
పోయిన మంగళవారం రేడియేటర్ జాలీలోంచి
వేలితో పీకిన ఈక సంగతీ చెప్పలేదు.
గేరు తగ్గించాను.
గంటకి ముప్పై.
ఇరవై.

ఎవరో గుప్పెడు ఉప్పు విసిరినట్టు
అన్నీ ఒక్కసారే లేచాయి.
అద్దంలో చూశాను:
మళ్ళీ అక్కడే, మా టైర్ల జాడల మధ్య.

తొమ్మిది నిమిషాలు ఆలస్యం.
ఆఫీసులో మిసెస్ హ్రిన్‌చుక్
కారణం రాసుకోవడానికి పెన్ను తీసింది.
"రాళ్ళు మేస్తున్నాయి," అంది దరుస్యా
నాకంటే ముందే.
ఊడిన పళ్ళ సందులో ఆ మాట ఈల వేసింది.