నూట నలభై రెండో పేజీ

మామిడికాయల సీజన్ ఒడిసినంక
కొల్లాపూర్‌ల ఆదివారానికి పని తక్కువ.
పర్వతాలు జిరాక్స్ షాపు షట్టర్ సగం దించి
లోపల నాలుగు స్టూళ్లు ఏస్తడు.
ఆలస్యంగ వచ్చినోళ్లకు పేపర్ రిమ్ముల కట్ట.

నెలకో నవల. కొనేది ఒక్కటే కాపీ.
వారానికి ఒకరింట్ల ఉండి ఉండి
ఆఖరు మనిషికి చేరేసరికి
దానికి పోపు వాసన, డీజిల్ వాసన,
జులేఖా ఇంటికాడి అత్తరు అనుకునేరు,
కాదు, జండూబాము.

ఈ నెల పుస్తకం నీలం అట్టది.
నది మీద ఆనకట్ట, నీళ్ల కింద ఊరు.
రాసినాయన ఏ ఊరాయనో వెనక అట్ట మీద లేదు,
ఫొటోల మాత్రం మెడకు మఫ్లర్ ఉంది.

"బాగ రాసిండు" అని కుర్మన్న మొదలుపెట్టిండు.
ముప్ఫై ఏండ్లు ఆర్టీసీ డ్రైవరు.
ఆయనకు ప్రతి పుస్తకం బాగనే ఉంటది.
ఏం బాగుందే అంటే
"మలుపులు" అంటడు.

జులేఖా బేగం అంగన్‌వాడీ టీచర్.
పెన్సిల్ లేకుండ పేజీ తిప్పదు.
"అరవై పేజీల దాంక ఆ పిల్లకు పేరే పెట్టలే.
అట్లయితే నా రిజిస్టర్‌ల ఎక్కదు,
గుడ్డు గూడ రాదు."

"పేరు లేకపోవుడే అక్కా దాని అర్థం" అన్నడు పర్వతాలు,
డిగ్రీల తెలుగు సదివినోడు.

"అర్థం నీకు దొరికింది సరే.
ఆ పిల్లకేం దొరికింది?"

నా వంతు వచ్చింది.
భాష బాగుందన్ననో, ముగింపు తొందరపడ్డదన్ననో,
సదవకున్నా చెప్పొచ్చే మాట ఏదో ఒకటి అన్న.
నిజం చెప్తే నేను ఆగింది తొంభైల్నే.
ఎవరూ పట్టుకోలే.
లింగోజన్న మాత్రం అద్దాల మీదికెల్లి
ఒకసారి చూసిండు.

వడ్ల లింగోజి. డెబ్బై దాటినయి.
చాయ సల్లారినంక గాని నోరు తెరువడు.
ఆ రోజు పుస్తకం మోకాలి మీద బోర్లేసి
నూట నలభై రెండు తీసిండు.

"ఈడ జూడుండ్రి.
ఒక్క రాత్రికే ఊరు మునిగిందని రాసిండు.
లేసేసరికి మంచాల కింద నీళ్లంట.
అట్ల గాదు.
మొదలు నీళ్లు మా బీడు చేన్లకు వచ్చినయి.
పిల్లల సంకనేసుకొని సూడనీకె పోయినం,
బొరుగులు గూడ కట్టుకపోయినం.
ఎండకాలం ఎనక్కి పోయినయి.
మల్లొచ్చే ఏడు ఇంక రెండు చెలకలు.
అంతల ఆఫీసరోళ్లొచ్చి
ఇంటికి ఎన్ని దూలాలు, ఎన్ని తలుపులని రాసుకపోయిన్రు.
ఆ తలుపులు చేసింది నేను.
ఊడబీకింది నేనే, ముప్ఫై ఇండ్లయి.
తలుపుకింత అని కూలి గూడ తీసుకున్న.
ఆ సంగతి ఈన రాయలే."

జిరాక్స్ మిషిను
ఎవరూ ముట్టకుండనే ఒకసారి గురగుర అంది.

"అయితే నచ్చలేదా లింగోజన్నా?"

"నచ్చలేదని ఎవడన్నడు?
ఆ ఒక్క పేజీ మూడు సార్లు సదివిన.
ఒక్క రాత్రే అయ్యుంటే
ఎంత బాగుండు అనిపిచ్చింది."

తర్వాత వచ్చే నెల పుస్తకం మీద కొట్లాట.
సన్నది తెమ్మన్నడు కుర్మన్న.
ఆడోళ్లు రాసింది తెమ్మంది జులేఖా.
పర్వతాలు షట్టర్ ఎత్తంగనే
ఆధార్ కార్డు పట్టుకొని ఎవరో నిలబడ్డరు.

నీలం అట్టది మల్ల అడుక్కొని తెచ్చుకున్న.
ఎందుకని లింగోజన్న అడగలే.

రాత్రి మొదటికెల్లి పట్టిన.
అరవై పక్కన అంచుల జులేఖా
ఆ పిల్లకు పేరు పెట్టేసింది: మన్నెమ్మ.
అక్కడి నుంచి అట్లనే సదివిన.
మన్నెమ్మ ఏరు దాటింది, మన్నెమ్మ అబద్ధమాడింది.
తొంభై దాటినంక తెలిసింది,
నేను ఆగిన చోటు కథల బాగలేనిది గాదు,
నాకు నిద్రొచ్చినది.

నూట నలభై రెండుల
ముద్రించిన నీళ్ల పక్కన
వడ్లాయన వాడే మొద్దు పెన్సిల్‌తోని
రెండు అంకెలు.
ఆరున్నర. మూడు.
కింద చిన్నగ, టేకు.