ఆరో షరతు

టంగుటూరు స్టేషన్ వెనక వీధి,
అంగన్‌వాడీ వరండాలో మీటింగు.
గోడమీద రంగులేసిన ఏనుగు,
దాని తొండం కింద ప్లాస్టిక్ కుర్చీలో నేను.
ఒక కాలు పొట్టిది – కుర్చీకి, నాక్కాదు.

ఎనిమిదింటికని చెప్తే
తొమ్మిదికి ముప్పైమంది,
తొమ్మిదిన్నరకి అరవై.
అందరి చేతులకీ పొగాకు జిగురు,
అందరి గొంతులోనూ అదే దగ్గు.
హాజరు పిలవక్కర్లేదు,
దగ్గు విని రాసుకోవచ్చు ఎవరొచ్చారో.

నేను కార్యదర్శినై పదకొండు రోజులు.
పది తప్పినా అక్షరాలు తప్పలేదని
వాళ్లే ఎన్నుకున్నారు.
కంపెనీ పంపిన కాయితం నాలుగు పేజీలు,
ఈ సీజనుకీ వచ్చే సీజనుకీ ఒప్పందం.
బస్సు బోర్డు చదివినట్టు గబగబా చదివేశాను.
గ్రేడింగుకి కిలోమీద రూపాయి ముప్పావలా పెంపు!
వెనక వరసలో చప్పట్లు.
ఇక చేతులెత్తమనబోయాను.

"ఆగమ్మే" అంది మస్తాన్‌బీ.
"ఆకు చూడకుండా గ్రేడు చెప్తామా మనం?
మళ్లీ చదువు. ఒక్కో మాటా చేతికియ్యి."

నేనొక మాట చదవడం,
వాళ్లు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూడటం.
'యాజమాన్యం పరిశీలించును' –
"పచ్చాకు. ఇంకా ఆరలా. పక్కన పెట్టు."
'సీజను ముగిసిన పిమ్మట బోనసు' –
"మాడిపోయిందది. పోయినేడు బేలులోదే మళ్లీ తెచ్చారు."
'యంత్రం వద్ద ప్రమాదం జరిగిన యెడల' –
పెంచలమ్మ కుడిచేతి వేళ్లు లెక్కపెట్టుకుంది.
ఆమె లెక్క నాలుగుతో ఆగుతుంది.
ఆ మాటకి గ్రేడు ఎవరూ చెప్పలేదు.
మినిట్స్ పుస్తకంలో ఏం రాయాలో తెలీక
ఒక గీత గీశాను.

ఆరో షరతు:
'ఆడవారికి మరుగుదొడ్డి, వీలును బట్టి.'

"ఎవురి వీలు?"

అందరం తల తిప్పాం.
మాలకొండమ్మ.
ఇరవై రెండేళ్లుగా ప్రతి మీటింగుకీ వచ్చి
గడప దగ్గర చెప్పులకు కాపలా కూచునే మనిషి.
ఆమె గొంతు ఇట్టా ఉంటదని
చాలామందికి ఆరోజే తెలిసింది.

"పొద్దున షెడ్డుకి పోయేకాడ్నుంచి నీళ్లు తాగను నేను.
తాగితే సుబాబుల్ తోట దాకా పోవాల.
పోయొస్తే మేస్త్రీ గంట కోస్తాడు.
ఈ మాటలో తేమ ఎక్కువుండాదమ్మే,
బేలు కట్టినాక లోపల బూజు పడుద్ది."

ఏటా తేమ పేరు చెప్పి
మా తూకంలో కోత పెట్టే కంపెనీ అది.
ఎవరో ఫక్కున నవ్వారు, తర్వాత అందరూ.

ఏస్తేరు నవ్వలేదు.
"దొడ్డి కోసం పెంపు పోగొట్టుకుంటామా?
రేపు వాళ్లు కాయితం చించి పారేస్తే
నా చీటీ డబ్బులు మీరు కడతారా?"
ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.
ఆ మాట నేను పైకి అనాల్సింది.
కుర్చీలో కూచున్నందుకు అనలేదు.

కరెంటు పోయింది.
చీకట్లో అరుపులు ఇంకా పెద్దవయ్యాయి.
ఫోను లైట్లు వెలిగించి చేతులెత్తమన్నాను.
ఎత్తిన చేతులన్నీ ఒకే రంగు, ముదురు గోధుమ;
ఎవరిదేదో పోల్చలేక రెండుసార్లు లెక్కపెట్టాను.
ఒకసారి నలభై ఒకటి, ఇంకోసారి నలభై.
ఎట్టా చూసినా ఆ మాట కొట్టేయమనే.
'వీలును బట్టి' మీద పెన్ను అడ్డంగా లాగాను,
కాయితం చిరిగేంత గట్టిగా.
పక్కన 'జూన్ ఒకటి లోపల' అని రాయించింది మస్తాన్‌బీ.
తేదీ లేని మాట మాట కాదంట.

ఏస్తేరు వేలిముద్ర వేయకుండా వెళ్లిపోయింది.
పొద్దున గేటుకాడికి వస్తుందో రాదో.
టీ బాకీ నూట ఎనభై.

తలుపు తాళం పెడుతుంటే
ఆఖరున మాలకొండమ్మ,
అంగన్‌వాడీ కుండలో గ్లాసు ముంచి
గటగటా తాగింది. మళ్లీ ముంచింది.
నేను చూస్తున్నానని చూసి
కొంగుతో మూతి తుడుచుకుంటూ అంది:
"చీకటి గదా, ఇప్పుడు తాగొచ్చులే."