ఒకవైపు మాత్రమే

విడవలూరు తాసిల్దారు ఆఫీసుకు ఎదురుగా
నా జిరాక్సు కొట్టు.
పద్నాలుగేళ్ళలో
చెడిపోయిన కాయితం ఒక్కటీ పారేయలేదు.
వెనకవైపు అప్పుల లెక్కలకు,
లెక్కలు నిండాక మస్తాన్ బాషా బంకుకు,
పునుగుల కింద నూనె పీల్చడానికి.

ఇంట్లోనూ అంతే.
బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు,
చిరిగిన వెంకటగిరి చీర మూడు సంచులకు,
చేపలకు పోతే చేతిలో మూతగిన్నె.
"గిన్నె మేడం వస్తా ఉండాది" అని నవ్వేవాళ్ళు.
నవ్వనీ అనుకునేదాన్ని.
రాత్రి కొట్టు లెక్క కట్టేసినట్టే
ఆ లెక్కా కట్టేసి పడుకునేదాన్ని,
భూమికి నేను పైసా బాకీ లేనని.

ఒక సోమవారం, అర్జీల రోజు,
తూపిలి చెంగమ్మ వచ్చింది.
సీసాలో నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"దీనికి జిరాక్సు తీస్తావా మేయ్?"

నవ్వాను.
ఆమె నవ్వలేదు.
"రొయ్యల గుంటల నీళ్ళు పంటకాలవలోకి ఇడస్తా ఉండారు.
నారంతా ఎర్రబడిపోయింది.
సీసా చూపిస్తే లోపల సారు
కాయితముంటేనే చూస్తానంటాడు."

ఏం చెప్పాలో తోచక
సీసాను అద్దం మీద పడుకోబెట్టాను.
వెలుగు ఒకసారి అటు పోయి ఇటు వచ్చింది.
నల్లటి మరక పడింది, అంచులు చెదిరిన మరక.
మా కాలవకు అదే మొదటి ఫోటో.

ఆ కాలవ మా వీధి వెనకనుంచే పోతుంది.
మా బోరు దాని గట్టునే ఉంది.
ఆ నెల కరివేపాకు ఆకులు అంచుల్లో మాడాయి.
ఎండకు అనుకున్నాను.
చుక్క కింద పోకుండా, అంత పొదుపుగా,
ఇన్నాళ్ళూ నేనే పోశాను దానికి
ఉప్పు.

అర్జీ నేనే రాశాను.
గుమాస్తా తిప్పి చూసి వెనక్కిచ్చాడు.
"రెండువైపులా కొడితే చెల్లదమ్మా.
ఒకవైపు మాత్రమే. నాలుగు సెట్లు."

తెల్ల కాయితం కట్ట విప్పాను.
ఒకవైపే కొట్టాను.
వెనకంతా తెల్లగా, ఖాళీగా,
చూస్తుంటే చెయ్యి పీకింది.
కొట్టాను.

తర్వాత మత్స్యశాఖకు, కాలుష్య మండలికి,
పదిరూపాయల పోస్టలార్డరు జతచేసి
అనుమతులెవరిచ్చారో చెప్పమని ఇంకొకటి.
"సంబంధిత శాఖకు పంపడమైనది" అని జవాబు.
ఆ శాఖను అడిగితే
మళ్ళీ మొదటి శాఖ పేరు.
చీర సంచి ఇప్పుడు నెల్లూరు బస్సెక్కుతోంది
కూరగాయలు లేకుండా.

గుంటలాయన నాకు పాత గిరాకీ.
కౌలు కాయితాలన్నీ నా దగ్గరే తీయించేవాడు.
ఇప్పుడు నా కొట్టు దాటి
సందు చివర కొట్టుకు పోతున్నాడు.
పోతూ పలకరిస్తాడు కూడా,
"ఏం మేడం, బాగుండారా?"
నెలకు రెండువేలు తగ్గింది.
ఈ లెక్క మాత్రం రాత్రిపూట ముయ్యలేకపోతున్నాను.

గ్రామసభ రోజు షట్టరు దించాను.
ఎప్పుడూ ఆరుగురు కూర్చుని
అరవైమంది సంతకాలు పెట్టే సభ.
ఆ రోజు నలభైమందిమి నిజంగానే ఉన్నాం.
నా కాళ్ళు వణికాయి, గొంతు కీచుగా వచ్చింది.
ఏం మాట్లాడానో సగం గుర్తులేదు.
ఒక్కటి గుర్తుంది.
"సరేలే, చూస్తాం" అని సెక్రటరీ పుస్తకం మూస్తుంటే
మధ్యలో నా వేలు పెట్టాను.
"రాయండి. రాసి చదవండి."

రాశాడు. ఒకటిన్నర వాక్యం.
కాలవ నీళ్ళకు పరీక్ష చేయించాలని, 
ఫలితం వచ్చే సభలో చదవాలని.

కాలవ ఇంకా ఉప్పగానే ఉంది.
పరీక్షకు ఎవరూ రాలేదు ఇంకా.
కరివేపాకు చెట్టు బతుకుతుందో లేదో.

ఆ పేజీ మాత్రం నకలు తీసి
చెంగమ్మ చేతికిచ్చాను, ఒకవైపే.
ఆమెకు చదవడం రాదు.
చెంపకు ఆనించుకుంది.
"ఇంకా వేడిగా ఉండాది మేయ్"
అనింది.