జోడు సీసా

మూత తీయమన్నారు జడ్జిగారు.
తీసింది నేనే.
విమానం దిగి నేరుగా కోర్టుకొచ్చిన ఢిల్లీ లాయరు
జేబురుమాలు వెతుక్కున్నాడు.
మంగతాయారు గారు లేచి
"ఎన్నూరు వాళ్ళకి రుమాళ్ళు చాలడం లేదు, మై లార్డ్"
అని కూర్చున్నారు.
ఆ పూట ఆవిడ వాదన అంతే.

ఇరవై రెండేళ్ళు ఆవిడ కట్టలు మోశాను.
ప్యారిస్ కార్నర్‌లో బస్సు దిగి
ఎర్ర ఇటుకల హైకోర్టు మెట్ల మీద
ఎరువుల కంపెనీ, తోళ్ళ కంపెనీ, బూడిద వదిలే కరెంటు కంపెనీ,
ఒక్కోటీ ఒక్కో భుజంనొప్పి నాకు.
ఆవిడకి మాత్రం అన్నీ ఒకటే కేసు.
"నీళ్ళు ఎవరివయ్యా, మునిరత్నం?"
జవాబు తట్టేలోపు లిఫ్టు వచ్చేసేది.

సర్కారు వకీలుకి
సర్కారే సగం రోజులు ఎదుటి పక్షమని
నాకెవరూ చెప్పలేదు.
తెల్లారితే హియరింగు. రాత్రి పదకొండింటికి
సెక్రటేరియట్ నుంచి ఫోను:
"కాస్త మెల్లగా వెళ్ళమ్మా."
"వినపడ్డం లేదండీ, ఇక్కడ ఒకటే వాన" అనేవారు.
నడి మే నెల. మబ్బు తునక లేదు.

ఒక సంగతి చెప్పాలి.
మా బావమరిది ధనుంజయుడిది ఆ ఎరువుల కంపెనీలోనే
రెండో షిఫ్టు.
బర్మా బజారు వెనక టీకొట్టులో ఓ తెల్లచొక్కా
కవరు బల్లమీద పెట్టి
"గాజు సీసా పగలడం వింతా ఏమిటి" అన్నాడు.
టీ తాగాను. కవరు ముట్టలేదు.
ముట్టకుండా లేచొచ్చినవాడికి
ఆ రాత్రి నిద్రెందుకు పట్టలేదో
ఇంకా తెలీదు.

గెలిచాం. గేటుకి సీలు పడింది.
తీర్పు నకలు తెచ్చిన రోజు మా ఆవిడ
పొయ్యి వెలిగించలేదు.
ధనుంజయుడు నాతో మాట మానేశాడు, ఇప్పటికీ.
ఆ ముక్క చెబితే, మంగతాయారు గారు
గౌను చేతికున్న పాత కుట్టు చాలాసేపు గిల్లి
"వాళ్ళ జీతాల బాకీకి పిటిషన్ రాద్దాం,
కాగితం తీయి" అన్నారు.

ప్రభుత్వం మారింది. తలుపు మీద పేరు మారింది.
ఒక స్టీలు గ్లాసు, ఆ గౌను,
అవే ఆవిడ పట్టుకెళ్ళినవి.
గేటు మళ్ళీ తెరిచారు, షరతుల మీద.
నలభై ఒక్క షరతులు. లెక్కపెట్టాను.

కోర్టులో ఇచ్చిన సీసాకి జోడు,
అదే రోజు అదే కయ్యలో ముంచింది,
మా అటక మీద ఉంది.
మడ్డి అడుక్కి దిగి పైన తేటగా కనిపిస్తుంది.
మొన్న మనవరాలు దాహమేసి
చెయ్యి చాపింది దానికోసం.

కిందకి దించి,
ఒక్కసారి కుదిపి చూపించాను.