తలుపు వెడల్పు

మొదటి షోరూమ్‌లో కుర్రాడు అడిగాడు
"మీ ఆయన రాలేదా?"
వచ్చాడు. నా కోటు జేబులో,
ఆయన కొలత టేపు.

రెండో చోట కాఫీ బాగుంది.
ఫోన్ చేస్తామన్నారు.
మంచు పడింది, కరిగింది, మళ్లీ పడింది.

హాన్‌కాక్ వంతెన దాటాక
స్పేర్ పార్టుల కౌంటర్ వెనక ముసలి ఉర్హో
ధర చెప్పలేదు.
"కొట్టం తలుపు వెడల్పెంత?
వాలెంత? ఏ మోకాలు నొప్పి?"

నేను వేలు చూపిన పెద్ద ట్రాక్టర్
"మీకొద్దు" అన్నాడు.
అమ్ముకునేవాడి నోట ఆ మాట!
"తలుపులో ఇరుక్కుంటే నన్ను దులిపేస్తారు."

చిన్నదెక్కి కూర్చున్నా.
కాలు క్లచ్‌కి అందలేదు.
ఆయన వంగి సీటు జరిపాడు,
ఒక్కో గాడీ టక్కుమంటుంటే
"అందిందా? ఇప్పుడు?"

ఇంటికొచ్చి తలుపు మళ్లీ కొలిచా.
ఇటు రెండంగుళాలు, అటు రెండు.
ఇంకా సంతకం పెట్టలేదు.