ఒక్క కాయకి నేర్పిన పని

గుంటూరు మిర్చి యార్డు వెనక
కోల్డ్ స్టోరేజీ మేడ మీద నా కుర్చీ.
కిటికీ తీస్తే తుమ్ము, మూస్తే ఉక్క.
పొద్దున్నించీ స్క్రీన్ మీద ఒకటే ఎర్ర గీత:
"కాయ అడిగాను, బస్తా ఇచ్చావు."

నిజమే. నేను రాసిన ఫంక్షన్‌కి కాయంటేనే తెలుసు.
రంగు చూస్తుంది, తాలో కాదో చెబుతుంది.
బస్తా పెడితే గుడ్లప్పగిస్తుంది.
సరేనని బస్తాకి ఇంకోటి రాశాను.
లారీకి ఇంకోటి.
ఇంకా రాని లారీకి రాస్తూ రాస్తూ
చెయ్యి ఆగిపోయింది.
ఒక్క పనిని ఎన్నిసార్లు కనాలి?

పుస్తకంలో మాట ఉంది: లిఫ్ట్ చెయ్యి. ఎత్తు.
ఎత్తడమంటే నాకు తెలిసింది అంకారావు.
నడుముకి తువ్వాలు బిగించి, ఇనప కొక్కెం దించి,
నలభై కిలోల టిక్కీని ఒక్క ఊపిరిలో
మెడ మీదికి తెచ్చుకుంటాడు.
ఆ బొమ్మే కళ్ళలో పెట్టుకుని
మధ్యాహ్నమంతా బస్తాతో కుస్తీ పట్టాను.
విప్పాను, కాయలన్నీ నేల మీద పోశాను,
ఒక్కోటీ చూసి, మళ్ళీ నింపి, మళ్ళీ కుట్టేసరికి
ఏ రైతు సరుకో చెప్పే చీటీ పోయింది.

టీకి దిగాను.
రేకుల షెడ్డు నీడలో నాగుర్‌బీ, చుట్టూ పదిమంది,
ముక్కులకి కొంగులు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు.
ఇన్ని బస్తాల పని ఎవరు నేర్పారని అడిగాను.
"బస్తాలేంది? మా అమ్మ ఒక్క కాయ చేతికిచ్చింది.
బొటనేలు ఇక్కడ, చూపుడేలు ఇక్కడ, టప్.
అంతే నేర్చుకుంది.
తర్వాత ఎందులో ఏసిస్తే అందులో."

చేటలో వేస్తే చేటలో, గోతంలో వేస్తే గోతంలో.
వరసలో ఓ ఖాళీ గోతం వచ్చింది.
ఎవరూ అరవలేదు, ఎవరి పనీ ఆగలేదు.
ఖాళీగా వచ్చింది ఖాళీగానే అవతలికి జరిగింది.
ఏటుకూరు దగ్గర టైరు పేలిన లారీ సంగతి చెబితే
"రానీ, వచ్చినాక తీస్తాం" అంది, తలెత్తకుండా.
కాయ ఇంకా దారిలో ఉండగానే
పని వెళ్ళి దాని మీద కూర్చుంది.

తొడిమ తీసిన చేత్తోనే తాలు అవతల పారేస్తోంది.
తొడిమకోసారి, తాలుకోసారి
గోతం మూతి రెండుసార్లు విప్పదు.
ఉత్తినే చెయ్యి పెట్టి తీసిన గోతం
పెట్టకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

టీ గ్లాసులో సగం ఉండగా తట్టింది.
ఎత్తాల్సింది బస్తాని కాదు, పనిని.
కుట్టు కదలకుండా, చీటీ ఊడకుండా,
ఒక్క కాయకి నేర్పిన పనిని
బస్తా అంత ఎత్తుకి లేపి నిలబెట్టాలి.
తను ఎందులో ఉందో కాయకి తెలియక్కర్లేదు,
వేలికీ తెలియక్కర్లేదు.
లోపలున్న వాటికి పనిని ఎలా అందించాలో
గోతానికి తెలిస్తే చాలు.

మేడెక్కి మూడు ఫంక్షన్లు చెరిపేశాను.
ఒక్క పంక్తి మిగిలింది. ఎర్ర గీత పోయింది.
ఆ పూట వచ్చిన టిక్కీలన్నీ
ఒక్క తుమ్ముకూడా లేకుండా దాటిపోయాయి.

ఆరింటికి కుళాయి దగ్గర వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు.
నీళ్ళకి పోయే మంట కాదది.
ఇంటికెళ్ళి ఆముదం రాసుకుంటుందట నాగుర్‌బీ.
"మనవరాలి మొహం తుడవాలన్నా మోచేత్తోనే" అని నవ్వింది.

నా ఫంక్షన్‌ని పుస్తకం శుద్ధమైనదంటుంది.
కాయ తీసుకుంటుంది, జవాబిస్తుంది,
ఇంకేదీ అంటించుకోదు.
నాగుర్‌బీకి కిలోకి ఇంతని కూలి.
ఆ చేతుల మంట ఏ చీటీలోనూ లేదు.
దాన్ని ఏ గోతంలో పెట్టాలో
నాకింకా తెలీలేదు.