ఇరవై ఎనిమిదో వాడు

నాలుగో అంతస్తులో జోగినాయుడు గారు
ఐదో అంతస్తులో కూర్మారావు గారు
మధ్యలో ఇరవై రెండు మెట్లు, ఒక మలుపు,
నిప్పులార్పే ఎర్ర సిలిండరు,
టీ ట్రేతో నేను.
లిఫ్టు గన్‌మెన్లకే సరిపోతోంది.

బీచ్ రోడ్డు వైపు కర్టెన్లు తీయొద్దన్నారు.
మూడు రోజులుగా ఇరవై ముగ్గురు ఎమ్మెల్యేలు
సముద్రం పక్కనే ఉండి సముద్రాన్ని చూడలేదు.
ఫోన్లన్నీ ఒక దిండు గలీబులో పోసి
రిసెప్షన్‌లో మూతి కట్టేశారు.
రాత్రంతా ఆ గలీబు కొట్టుకుంటూనే ఉంది
వలలో పడ్డ కవళ్లలాగా.

శాసనసభాపక్ష నాయకుడట. ఒక్క కుర్చీ.
నాలుగులో లెక్క: మనవాళ్లు పదమూడు.
ఐదులో లెక్క: మనవాళ్లు పద్నాలుగు.
నేను టెన్త్ తప్పినవాణ్ణే గానీ
ఈ కూడిక నాకూ వచ్చు.

ఆ మిగులు నలుగురూ ఎవరో కూడా తెలుసు.
ఒకాయనకి పంచదార లేకుండా, అల్లం దండిగా.
ఒకాయన సాసర్లో ఒంపుకుని జుర్రుతారు.
ఒకాయన బిస్కెట్ ముంచి, అది విరిగి పడితే
అటూ ఇటూ చూసి వేలితో తీసుకుంటారు.
నాలుగో ఆవిడ టీ ముట్టరు. వేణ్నీళ్లే.
కిందా అదే గ్లాసు, పైనా అదే గ్లాసు,
కిందా అదే మాట, పైనా అదే మాట:
"మీరు తప్ప నాకెవరున్నారన్నా."

"ఒరే తమ్ముడూ, పైకి ఎవరెవరు ఎక్కుతున్నార్రా?"
జోగినాయుడు గారి బావమరిది, చేతిలో ఐదొందలు.
"కప్పుల మీద పేర్లుండవండి" అన్నాను.
నోటు మాత్రం తీసుకున్నాను, అబద్ధమెందుకు.
పైనా ఇచ్చారు.
అక్కడా తీసుకున్నాను.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో
చీకటుండగానే చేపలు పాట పెడుతుంది.
వంజరం తట్ట ముందు నిలబడి
ఎవడెంతన్నాడో జెట్టీ అంతా వినబడేలా అరుస్తుంది.
పాడినవాడు తట్ట ఎత్తుకుంటాడు,
పోయినవాడు పక్క తట్ట కాడికి నడుస్తాడు.
కౌగిలింతలుండవు.

ఢిల్లీ పరిశీలకుడు మధ్యాహ్నం విమానంలో దిగారు.
ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపేసి,
మీ మనసులో మాట చెప్పండన్నారు.
మొదటాయన వెళ్లకముందే నేను నిమ్మరసం పట్టుకెళ్లాను.
టేబుల్ మీద కవరు. అంటించేసి ఉంది.
దాని మూల మీద కాఫీ గ్లాసు మరక,
ఎండిపోయి.
ఆ తర్వాత ఇరవై మూడుసార్లు
ఆ తలుపు తెరుచుకుంది.

కూర్మారావు గారు. ఏకగ్రీవం.
ప్రతిపాదించింది జోగినాయుడు గారే.
ఏకగ్రీవమంటే ఒకే మెడ అని అర్థంరా అని
బ్యాంక్వెట్ మేనేజరు చయనులు గారు చెప్పారు.
పూర్ణా మార్కెట్ నుంచి దండలు మాత్రం రెండొచ్చాయి.
మెడ దొరకని దండ
వంటింటి ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కన ఉంది.

కెమెరాలు ముందు వాకిట్లో.
జోగినాయుడు గారు సర్వీసు లిఫ్టు ఎక్కారు,
మాసిన దుప్పట్ల బండికీ నాకూ మధ్య.
అరచేతికి ఒక చామంతి రేకు అంటుకుని ఉంది.
"పేరేంటి బాబూ?"
మూడు రోజుల్లో ఎవరూ అడగలేదు.
"ఎల్లాజీ అండి."
"ఎల్లాజీ, రాత్రి నా గదికి ఎన్ని టీలు తెచ్చావు?"
తెచ్చింది ఆరు.
"పదమూడండి" అన్నాను.
ఆయన తలూపారు, లెక్క సరిపోయినవాడిలా.

వెనక గేటు దాటితే పాండురంగాపురం సందు.
గలీబులోంచి తీసిచ్చిన ఫోను చేతిలో పట్టుకుని
డ్రైవరు కోసం నిలబడ్డారు.
అది కొట్టుకోవడం లేదు.

కాసేపు నేనూ నిలబడ్డాను.
జేబులో రెండు నోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
వైర్‌లెస్‌లో కెప్టెన్ కేక:
ఐదో అంతస్తుకి టీలు, ఇరవై రెండు.